చంద్రి కడుపులో ఏముంది

కమలాపురం,
12 జూన్ 2024

హర్షిణికి,

ఓబుళేశు మామ రాస్తున్నాడు. ఇక్కడ మీ అత్త, నేను, నా చెవి మిషను ముగ్గురం ఉన్నాం. మొదటి ఇద్దరం బాగున్నాం. మూడోది చెవిలో పెట్టుకుంటే ఈల వేస్తుంది, తీస్తే ఊరుకుంటుంది. అందుకని ఫోన్ చెయ్యొద్దు. పోయినసారి నువ్వు "నాకు గది దొరికింది మామా" అన్నావట, నేను "చల్లారాక తాగుతాలే" అన్నానట. మీ అత్త ఇంకా నవ్వుతూనే ఉంది. వాట్సాప్ సంగతి అసలు ఎత్తొద్దు. నీకని పంపిన ఎద్దు పుండు ఫోటో పెళ్లివాళ్ల గ్రూపులో పడింది. ఉత్తరమైతే ఎవరికి రాస్తే వాళ్లకే పోతుంది.

కర్నూలు క్లినిక్‌లో చేరినందుకు సంతోషం. అక్కడ కుక్కలకూ పిల్లులకూ స్కానింగ్ మిషను ఉందన్నావు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా నేను పనిచేసిన ముప్పై ఆరేళ్లూ మా మిషను నా కుడిచెయ్యి. భుజం దాకా పాడి ఎనుము లోపలికి పోయి, చూడి ఎన్ని నెలలదో చెప్పి బయటికి వచ్చేది. సంతకం డాక్టరుది, చెయ్యి నాది. అన్నేళ్లలో పిల్లిని వైద్యానికి తెచ్చినవాడు ఒక్కడు లేడు. పిల్లులు వాటంతట అవే వచ్చేవి, ఈనిన ఎనుముకు మాయ పడితే ఎత్తుకుపోవడానికి.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్కింటి నాగలక్ష్మమ్మ నీకు తెలుసు, చీనీతోటవాళ్లు. ఆమెకు చంద్రి అని ఒక తెల్లపిల్లి ఉంది, పన్నెండేళ్లది. కడుపు కిందికి దిగిందని చూడమంది. అరుగు మీద కూర్చుని చేత్తో చూశాను. మూడు ఉండలు తగిలాయి. నున్నగా ఉన్నాయి, పట్టుకుంటే జారుతున్నాయి. ఎడమవైపుది కాస్త పెద్దది. "మూడు పిల్లలు. ఇంగా ఆరు వారాలు పడ్తాది" అని చెప్పేశాను. వెన్ను మీద మాంసం తగ్గింది, జాలాడి దగ్గర అంట్లు తోమే నీళ్లన్నీ అదే తాగేస్తోంది. చూడితో ఉన్నదానికి దప్పిక సహజమే.

నాగలక్ష్మమ్మ పుట్టబోయే మూడింటినీ అప్పుడే పంచేసింది. ఒకటి రాజంపేటలో చెల్లెలికి, ఒకటి ఎలుకల కోసం మిల్లుకు, ఒకటి ఇంట్లోకి. ఆ ఊపులోనే కోడలు మహేశ్వరి వైపు తిరిగి, "ఎట్లనో ఒగట్ల, మా ఇంట్లో ఒగదానికన్నా నెల తప్పిందిలే" అనింది. మహేశ్వరికి పెళ్లై ఏడేళ్లు, ఇంకా పిల్లల్లేరు. అందుకన్న మాట. అందరం నవ్వాం. నాగలక్ష్మమ్మ నోరు దురుసు గాని మనసు మంచిది.

నీ మామ
ఓబుళేశు

(అత్త రాసేది: పోస్టు చేసేది నేనే కాబట్టి కింద ఖాళీలో రాస్తున్నా. అందరూ నవ్వలేదు. ఆ పిల్ల తోమిన చెంబునే మళ్లీ మళ్లీ తోముతా ఉండింది. – రామేశ్వరమ్మ)

·

కర్నూలు,
19 జూన్ 2024

మామకూ అత్తకూ,

నేను బాగున్నాను. ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. తుంగభద్రలో నీళ్లకంటే రాళ్లే ఎక్కువ కనిపిస్తున్నాయి. నా గది బురుజుకు దగ్గర్లో, ఒక సాయిబుగారి మేడ మీద. ఆయన రోజూ పొద్దున్నే "డాక్టరమ్మా, నాష్తా అయిందా?" అని అడిగి, నా జవాబు వినకుండానే ప్లేటు పంపిస్తాడు.

మామా, కోపం తెచ్చుకోకుండా చదువు. పిల్లికి రెండు కిడ్నీలూ బయటినుంచే చేతికి తగులుతాయి. ఎనుములో అట్ల కాదు. నున్నగా ఉంటాయి, పట్టుకుంటే జారిపోతాయి. కొత్తగా చూసేవాళ్లు వాటిని గడ్డలనుకుంటారు, పిల్లలనుకుంటారు. నీకు తగిలిన మూడింట్లో ఒకటో రెండో అవే కావచ్చు. ఇంకొకటి మూత్రసంచి కావచ్చు, పేగులో గట్టిపడిన పెంట కావచ్చు. నొక్కితే సొట్ట పడితే అది పెంట. ఉచ్చ పోసుకున్నాక మాయమైతే మూత్రసంచి. రెండూ కాకపోతే అప్పుడు భయపడాలి. పన్నెండేళ్ల పిల్లి, వెన్ను చిక్కింది, నీళ్లు ఎక్కువ తాగుతోంది అంటే నాకు మంచిగా అనిపించడం లేదు. పేగుల దగ్గర గ్రంథులు వాచినా, లివర్‌లో గడ్డ లేచినా, కిడ్నీ చుట్టూ ఏదైనా చేరినా, చేతికి అన్నీ ఒకే రకం ఉండలాగానే తగులుతాయి.

మా క్లినిక్ పెద్దాయన జయరాజ్ సార్ మొదటిరోజే నాకు చెప్పాడు: "చేతికి ఏందో తగిలిందని చెప్పమ్మా. అదేందో చెప్పాకు. మిషను చెప్తాది." కాబట్టి ఇంకా ఎవరికీ ఏమీ చెప్పకు. వీలైతే చంద్రిని ఇక్కడికి పంపు.

ఇంకొకటి. తోమిన చెంబునే మళ్లీ తోముతున్న మనిషిని చూసి నవ్వడమేంటి మామా? నాకు నచ్చలేదు.

హర్షిణి

·

కమలాపురం,
27 జూన్ 2024

గౌరవనీయులైన డాక్టర్ హర్షిణి గారి సమక్షమునకు,

రిటైర్డ్ కాంపౌండర్ ఓబుళేశు సవినయంగా విన్నవించుకొనేది. తమరి ఉత్తరం అందింది. పిల్లి కిడ్నీకీ పిల్లి పిల్లకూ తేడా తెలియనివాడికి ప్రభుత్వం ముప్పై ఆరేళ్లు ఉద్యోగం ఎందుకిచ్చిందో తమరే విచారణ జరిపించాలి. పదేళ్ల వయసులో నా సైకిలు వెనక కూర్చుని పల్లెలకు వచ్చి, ఎనుము ఈనుతుంటే కళ్లు మూసుకున్న ఒక పాప ఉండేది. కళ్లు తెరిచి చూడమన్నది ఎవరో తమకు గుర్తుండకపోవచ్చు.

అయినా తమరు చెప్పిన పరీక్షలు రెండూ చేశాను. ఎడమవైపు పెద్ద ఉండను నొక్కాను. సొట్ట పడలేదు. చంద్రి గోడవతల పని ముగించుకుని వచ్చాక మళ్లీ చూశాను. ఉన్నచోటే ఉంది. పెంట కాదు, మూత్రం కాదు. తమ శాస్త్రం ప్రకారమే అది పిల్ల అని తేలింది. ఇందుకు తమకు కృతజ్ఞుణ్ణి.

"ఎవరికీ చెప్పకు" అన్న తమ సలహా కొంచెం ఆలస్యంగా అందింది. ఆదివారం చంద్రికి సీమంతం చేశారు. నవ్వులాటకే అనుకోండి. మెడలో దారానికి గాజులు గుచ్చి కట్టారు, నుదుట కుంకుమ పెట్టారు. వీధిలో ఒక అమ్మాయి రీలు తీసింది. అందులో నేను కుర్చీలో ఉన్నాను, భుజాన నాగలక్ష్మమ్మ కప్పిన కొత్త తువ్వాలు. ఇప్పటికి నాలుగువేల మంది చూశారట. కింద "పెద్ద డాక్టరు" అని రాశారట. నేను రాయించలేదు.

చెంబు సంగతి తమకు ఎవరు చెప్పారో తెలియడం లేదు.

ఇట్లు తమ విధేయుడు
ఓబుళేశు

(గాజులు కట్టేటప్పుడు మహేశ్వరిని వంటింట్లోనే ఉండమన్నారు. ఆ పిల్ల చేసిన ఓళిగలే అందరూ తిన్నారు. మీ మామ మూడు తిన్నాడు. చంద్రికి మేక కార్జం పెడితే వాసన చూసి వదిలేసింది. నేను కింద రాసేవి లోపల్లోపలే చదువుకో, మామకు తెలియనీకు, తల్లీ. – రామేశ్వరమ్మ)

·

కర్నూలు,
5 జూలై 2024

మామా,

నన్ను "గారు" అనొద్దు. వారం రోజులుగా నేను డాక్టరునే కాను. పిల్లుల కాళ్లు కదలకుండా పట్టుకునే మనిషిని.

జరిగింది దాచకుండా చెబుతాను. ఒక బంగారు అంగడివాళ్లు పర్షియన్ పిల్లిని తెచ్చారు. నాలుగు రోజులుగా తిండి లేదన్నారు. కడుపు మీద చెయ్యి పెడితే లోపల గట్టిగా, పొడుగ్గా, జొన్నకంకి అంత గడ్డ. స్కాన్ బల్ల మీద అప్పటికే ఒక కుక్క ఉంది. సార్ ఫోన్‌లో ఉన్నాడు. నేను ఆగలేదు. "క్యాన్సర్ కావచ్చు" అన్నాను. "కావచ్చు" అన్నానో లేదో కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను. ఆ ఇంటామె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆ పొద్దే కారులో హైదరాబాదుకు బయల్దేరారు. జడ్చర్ల దాటాక ఆ క్యాన్సర్ కారు సీటు మీదికి బయటపడింది. ఉత్త మలబద్ధకం, మామా! నొక్కి చూడమని నీకు ఉత్తరం రాసిన మనిషిని, నేను నొక్కి చూడలేదు.

జయరాజ్ సార్ గొంతు పెంచలేదు. "ఒగ ఎనిమాతో పొయ్యేదానికి హైదరాబాదు దాంకా తోల్తివి గదమ్మా" అన్నాడు. నెలన్నర పాటు నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదు. చూడాలి, పట్టుకోవాలి, రాసుకోవాలి.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఇంత చదివిన నా చెయ్యే అబద్ధం చెప్పింది. నీ చెయ్యి కూడా చెప్పి ఉండొచ్చు. దయచేసి చంద్రిని పంపు. లోపల ఉన్నది చెడ్డదైతే ఒక్కో వారం ఖరీదైనదే.

హర్షిణి

·

కమలాపురం,
14 జూలై 2024

బంగారు తల్లి హర్షిణికి,

నీ ఉత్తరం మీ అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. జడ్చర్ల దగ్గర రెండుసార్లూ ఆపవలసి వచ్చింది. దిగులు పడకు. నీ మీద నాకున్న కోపం ఆ కారు సీటు మీదే పోయింది.

నువ్వు దాచకుండా రాశావు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. మీ అత్తకు కూడా తెలియదు. ఎనభై ఆరులో ఓబులమ్మ అని ఒకామె ఎనుమును తోలుకొచ్చింది. చెయ్యి పెట్టి "వట్టిదే" అన్నాను. ఆ ఏడు వానల్లేవు, మేత లేదు. వట్టి ఎనుమును ఎందుకు మేపాలని కోతకు అమ్మేసింది. కోసినప్పుడు లోపల దూడ ఉంది, ఐదు నెలలది. రెండో రోజు ఓబులమ్మ ఆసుపత్రికి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. వేప కింద నిలబడి నా కుడిచేతిని చూసింది. చాలాసేపు చూసి వెళ్లిపోయింది. ఇప్పటికీ చేతికి సబ్బు రాసుకునేటప్పుడు అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

పొరపాటు పడనివాడికి చెయ్యి కుదరదు. నీకూ కుదురుతుంది. అయితే చంద్రి విషయంలో నేను పొరపాటు పడలేదు. ఎడమవైపు ఉండ బాగా పెరిగింది. పిల్ల పుష్టిగా ఉంది.

ఇక్కడి విశేషాలు పెద్దగా లేవు. నాగలక్ష్మమ్మ మాత్రం ఈ మధ్య వీధిలో ఒక మాట అంటోంది. "పన్నెండేండ్ల పిల్లే నిలుపుకుంటాంటే, ఇరవై తొమ్మిదేండ్లదానికి ఏమొచ్చినాది? ఓబుళేశన్న చెయ్యి పెడ్తానే చెప్పేసినాడు. లోపం యాడుండాదో మాకూ తెలిసిపాయ." చంద్రి ఈనిన తర్వాత మహేశ్వరిని ఒంటిమిట్టలో పుట్టింటికి పంపేసి, విడాకులిప్పించి, కొడుకు ఉమామహేశ్‌కు వేరే సంబంధం చూస్తుందట. ఆ అబ్బాయి ఎరువుల అంగడిలో తలకాయ వంచుకుని కూర్చుంటాడు, అవుననడు, కాదనడు. అది వాళ్ల ఇంటి విషయం. మనకేమి సంబంధం?

నీ మామ
ఓబుళేశు

(సంబంధం ఉంది. చంద్రి ఈనే రోజని మా క్యాలెండర్లో ఇరవై నాలుగో తేదీకి మీ మామే సున్నా చుట్టాడు. నిన్న ఆ సున్నా మీద కరెంటు బిల్లు అంటించాడు. – రామేశ్వరమ్మ)

·

కర్నూలు,
20 జూలై 2024

మామా,

ఈ ఉత్తరంలో కుశలప్రశ్నలు లేవు.

వేప కింద నిలబడిన ఓబులమ్మ గురించే రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నువ్వు ఆమె గురించి రాసిన కాగితం మీదే, పది వరుసల కింద, "మనకేమి సంబంధం" అని రాశావు. ఒక్క మాట అన్నావు అరుగు మీద కూర్చుని. ఆ మాట పట్టుకునే ఒక మనిషిని ఇంట్లోనుంచి పంపేయబోతున్నారు.

పిల్లి చూడి రెండు నెలలు దాటి వారం పది రోజులకు మించి నిలవదు. ఈనబోయేదానికి చన్నులు ఎర్రబడతాయి, ఉబ్బుతాయి. చూశావా? ఒక పక్కే పెరిగే పిల్ల ఉండదు మామా. మిగిలిన రెండూ ఎందుకు పెరగలేదు? అది నీకు తోచలేదంటే నేను నమ్మను. నువ్వు నాకు నేర్పినవాడివి.

నాగలక్ష్మమ్మ దగ్గరికి పో. తప్పు చెప్పాననక్కరలేదు. "నాకు తెలీదు" అంటే చాలు. ఆ తర్వాత చంద్రిని బస్సెక్కించు. స్కాన్‌కు ఐదు నిమిషాలు పడుతుంది. జవాబు రాయొద్దు. పంపు.

హర్షిణి

·

కమలాపురం,
30 జూలై 2024
(మహేశ్వరి చేతికిచ్చి)

హర్షిణికి,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి మహేశ్వరి. బుట్టలో ఉన్నది చంద్రి. ముందు ఇద్దరికీ నీళ్లివ్వు, తర్వాత చదువు.

నువ్వు చెప్పమన్న రెండు మాటలు చెప్పడానికి నేను ఇరవై ఐదో తేదీన పోయాను. నాగలక్ష్మమ్మ కాఫీ ఇచ్చింది. "ఏమన్నా, నిన్ననే గదా అంటివి?" అని అడిగింది. నా నోట్లోంచి వచ్చినది ఇది: "ఎండలు జాస్తిగా ఉండాయి గదక్కా, దానికి లేటయితాది." కాఫీ తాగి వచ్చేశాను.

మొన్న ఆదివారం ఆమె తోటకు పోయినప్పుడు మళ్లీ పోయాను. పెరట్లో మహేశ్వరి ఒక్కతే ఉంది. చంద్రిని పట్టుకోమన్నాను. పట్టుకుంది. నేను చెయ్యి పెట్టేలోపే నా చెవి దగ్గరికి వంగి, "చిన్నాయనా, ఇది ఈనేది గాదులే" అంది. చంద్రిని వెల్లకిలా తిప్పి చూపించింది. "చన్నులు సూడు. ఒట్టి తోలు. నాకు నెల కిందనే తెలుసు."

"మరి చెప్పలేదేంమ్మా?" అన్నాను.

"చెప్తే కుళ్లుకుంటాండాదంటారు. గొడ్డుదాని కండ్లు పడి పిల్లలు పాయనంటారు. అందుకే నోరు మూసుకోని, ఎవురూ లేనప్పుడు దీనికి ఇన్ని పాలు తాపుతాండా. అవీ తాగడంల్యా."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ అమ్మాయే అడిగింది. "మీ మేనకోడలుండే ఊరికి బస్సు ఎన్నింటికి, చిన్నాయనా?"

పుట్టింటికి పోయొస్తానని ఇంట్లో చెప్పించాం. నాగలక్ష్మమ్మ సంతోషంగా పంపింది. చంద్రి కనిపించకపోతే ఏమి చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను: ఈనే పిల్లి చోటు వెతుక్కుంటా పోతాది. చూశావా, అబద్ధానికి నా చెయ్యి ఎంత బాగా తిరిగిందో. కడప బస్టాండులో కర్నూలు బస్సెక్కించి వస్తాను. నేను రాను. నాకు ఆ మిషను ముందు నిలబడే ధైర్యం లేదు.

మామ

(అన్నం మూట బుట్టలో అడుగున ఉంది. తానుగా తినదు, పెట్టు. – అత్త)

·

కర్నూలు,
1 ఆగస్టు 2024

మామకూ అత్తకూ,

ఇద్దరూ క్షేమంగా చేరారు. నంద్యాల దాటాక చంద్రి అరవడం మానేసిందట. మహేశ్వరి భయపడి, దారి పొడుగునా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ వచ్చింది.

నీ మూడు పిల్లల సంగతి చెబుతాను. కుడివైపుది కుడి కిడ్నీ, వయసుకు చిన్నదైపోయింది. మధ్యది మూత్రసంచి. ఎడమవైపుది చీనీకాయంత నీటితిత్తి. ఎడమ కిడ్నీ చుట్టూ నీళ్లు చేరి, సంచిలాగా ఉబ్బింది. కిడ్నీ దాని మధ్యలో చిక్కుకుని ఉంది. స్కాన్‌లో నీళ్లు నల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ అయితే అంత శుభ్రమైన నలుపు ఉండదు. జయరాజ్ సార్ సూది నా చేతికిచ్చాడు. నెలన్నర శిక్ష ఇంకా పూర్తి కాలేదు, అయినా ఇచ్చాడు. తెర మీద చూసుకుంటూ గుచ్చాను. ఒక టీగ్లాసుకు మించి నీళ్లు వచ్చాయి, తేటగా. పరీక్షకు పంపితే చెడ్డ కణాలు ఏమీ లేవన్నారు. సాయంత్రానికి చంద్రి లేచి ఉడికించిన కోడి తినింది.

అయితే రక్తపరీక్షలో కిడ్నీలు రెండూ అరిగిపోయాయని వచ్చింది. నీళ్లు మళ్లీ నిండుతాయి, నెలకో రెండు నెలలకో తీయించాలి. ఎంతకాలం ఉంటుందంటే నేను చెప్పలేను. ఏడాది ఉండొచ్చు.

ఒక సంగతి రాయనా వద్దా అని రాత్రంతా అనుకున్నాను. రాస్తున్నా. తెర మీద చూస్తూ మహేశ్వరి అంది: "అక్కా, ఇట్లాంటి మిషన్లోనే నన్ను గూడా మూడు తూర్లు సూసినారు. కడపలో రెండు తూర్లు, తిరుపతిలో ఒగ తూరి. నాలో యా లోపమూ లేదన్యారు. ఆయన్ని గూడా పిల్సకరమ్మన్యారు. ఆ మాట మా అత్తతో చెప్తే, మగోనికి పరీక్షేందని నెల దినాలు నాతో మాట్లాళ్లే."

"మరి ఆయన?"

"ఆయనకు చెప్పనీల్యా."

మీరందరూ అరుగు మీద కూర్చుని ఏడేళ్లుగా ఆమె కడుపు చూస్తున్నారు మామా. కడుపులో ఏమీ లేదు, అసలు లోపమే లేదు. రేపు తిరిగి పంపుతున్నాను. చంద్రి మందుల చీటీలో తెలుగులోనే రాశాను: చూడి లేదు, ఎప్పుడూ లేదు.

హర్షిణి

·

కమలాపురం,
9 ఆగస్టు 2024

అమ్మా హర్షిణీ,

మహేశ్వరి బుట్టతో సందు మలుపు తిరిగేసరికి నాగలక్ష్మమ్మ అరుగు మీదే ఉంది. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్లు, ఆ చివర నేను. చంద్రి బుట్టలోంచి తల బయటికి పెట్టింది. కడుపు లోపలికి పోయింది. నాగలక్ష్మమ్మ మొగం వెలిగింది. "ఈనిందా? పిల్లలేవి?" అన్నట్టు పెదవులు కదిలాయి. మహేశ్వరి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. చూసింది, అంతే.

నేను లేచి నిలబడ్డాను. "అక్కా, తప్పు చెప్పినా. ఆ పొద్దు నాకేమీ తెలీకనే చెప్పినా. దాని కడుపులో పిల్లల్లేవు, ఎప్పుడూ ల్యా. కిడ్నీకి నీళ్లు పట్టినాయి. సచ్చేదాన్ని మీ కోడలు కర్నూలుకు నా మేనకోడలి దగ్గరికి ఎత్తకపొయ్యి, సూదితో ఆ నీళ్లు తీపిచ్చి బతికిచ్చుకోనొచ్చినాది" అన్నాను. నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు తెలియదు కదా. పోస్టాఫీసు దాకా వినిపించిందట. అక్కడ స్టాంపులు అమ్మడం ఆపేశారట.

నాగలక్ష్మమ్మ చాలాసేపు మాట్లాడింది. చేతులు తిప్పింది. చెవి మిషను ఇంట్లో ఉంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు. పశ్చాత్తాపపడుతోందనుకుని తల ఊపుతూ నిలబడ్డాను. ఇంటికి వచ్చాక మీ అత్త చెప్పింది, ఆమె అన్నది ఇదట: "నిక్షేపంగా ఉన్న చూడిని కర్నూల్లో సూది పొడిచి కరిగిచ్చినారు. ఓబుళేశన్న మంచోడు, మేనకోడల్ని కాపాడుకునేదానికి తప్పు నెత్తినేసుకుంటాండాడు." నేను దానికే తల ఊపాను. ఇప్పుడు సగం వీధి అదే నమ్ముతోంది. రీలు కింద కూడా "పాపం పెద్ద డాక్టరు" అని రాస్తున్నారట. కాబట్టి అమ్మా, ఇక్కడ నువ్వు గర్భం కరిగించిన డాక్టరువి. నేను నిజం చెప్పినందుకు వచ్చిన ఫలితం ఇది.

ఇంకొక పని కూడా చేశాను. నీ ఉత్తరం పోయింది. వేపపిండి తీసుకోవడానికి ఉమామహేశ్ అంగడికి పోయి, బల్ల మీద మరిచిపోయాను. మరిచిపోయే మనిషిని కానని నీకు తెలుసు. మహేశ్వరి పరీక్షల సంగతి ఉన్న చివరి పేజీ పైకి కనపడేటట్టు మరిచిపోయాను.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. నాతో రహస్యం చెప్పాలంటే ఎవరికైనా కష్టమే, అరవాలి. చివరికి జేబులోంచి యూరియా కంపెనీ కాగితం తీసి, వెనక రాసి నాకిచ్చాడు: "మామా, ఆమె సంగతి నాకు తెలీదు. మా అమ్మ వేరే చెప్పినాది. కర్నూల్లో మగోళ్లకు సూసేటోళ్లు ఉండారా? కడపలో వద్దు, అందరికీ ఎర్కయితాది." చదివి, అతని ముందే పొయ్యిలో వేశాను. నీకు రాస్తానని చేత్తో సైగ చేశాను.

మంచి డాక్టరు ఎవరైనా ఉంటే రాయి. చిరునామా స్పష్టంగా రాయి.

మామ

·

కర్నూలు,
17 ఆగస్టు 2024

మామా,

గర్భాలు కరిగించే డాక్టరు రాస్తున్నది.

మా సార్‌కు తెలిసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. నెమ్మదస్తుడు, ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. పేరూ చిరునామా వేరే చీటీలో పెట్టాను, మా క్లినిక్ నుంచి నడిచిపోయేంత దూరం. చీటీ పైన "పిల్లికి మందులు" అని రాశాను, ఎవరి చేతిలో పడినా ఇబ్బంది లేకుండా. చంద్రికి నెలాఖరుకు మళ్లీ నీళ్లు చేరి ఉంటాయి. ఇద్దరూ తీసుకురావాలని, ఒక్కరి వల్ల కాదని నాగలక్ష్మమ్మతో నువ్వు చెప్పు. నీ మాట ఆమె ఇంకా నమ్ముతుంది, అదే విచిత్రం.

ఒక సంతోషం. సార్ నిన్న నన్ను మళ్లీ బల్ల దగ్గరికి పంపాడు. కుక్క కడుపు మీద చెయ్యి పెట్టాను. "ఏం తగిలిందమ్మా?" అన్నాడు. "ఏందో తగిలింది సార్" అన్నాను. ఆయన నవ్వి స్కాన్ మిషను స్విచ్ వేశాడు.

హర్షిణి

·

కమలాపురం,
31 ఆగస్టు 2024

హర్షిణీ,

ఈ పొద్దు తెల్లారి బండిలో ముగ్గురూ బయల్దేరారు. మేమిద్దరం కడప దాకా పోయి ఎక్కించి వచ్చాం.

నాగలక్ష్మమ్మతో నేనే చెప్పాను, సూది వేసేటప్పుడు ఒకరు తల, ఒకరు కాళ్లు పట్టుకోవాలని. "అయితే నా కొడుకును గూడా పంపిస్తా, ఈ తూరి ఏం పొడుస్తారో వాడు సూడాల" అంది. ఆమె ఇంకా మహేశ్వరితో సరిగా మాట్లాడటం లేదు. విడాకుల మాట మాత్రం ఎత్తడం లేదు. మారిందని కాదు. చంద్రికి పూటపూటకూ మందు వెయ్యడం ఆ ఇంట్లో మహేశ్వరికి తప్ప ఎవరికీ చేతకాదు. మిగతావాళ్లను కరుస్తుంది.

ఆ డాక్టరు ఏమి తేలుస్తాడో, మందుతో పోయేదో కానిదో, చూద్దాం. చంద్రి మాత్రం బస్టాండులో చుట్టూ చూసుకుంటూ హాయిగా కూర్చుంది. దాని వయసుకు ఇన్ని ఊళ్లు తిరిగిన పిల్లి జిల్లాలో ఇంకొకటి ఉండదు.

మహేశ్వరి కిటికీ పక్కన కూర్చుంది. బుట్ట ఉమామహేశ్ ఒళ్లో పెట్టుకున్నాడు. ఎండ పడుతోందని తన రుమాలు తీసి బుట్ట మీద కప్పాడు. కండక్టరు వచ్చి ఏదో అడిగాడు. ఉమామహేశ్ ఏదో చెప్పాడు. నాకు వినపడలేదు. మహేశ్వరి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం నేను ఇంతకు ముందు చూడలేదు. బస్సు కదిలింది.

మామ
ఓబుళేశు

(నేను కిటికీ దగ్గరే ఉన్నా, విన్నా. కండక్టరు "పిల్లినేసుకోని యాడికప్పా?" అన్నాడు. ఉమామహేశ్ "కర్నూలుకు. ముగ్గురం సూపిచ్చుకునేదానికే పోతాండాం" అన్నాడు. అందరికీ వినపడేటట్టే అన్నాడు. – రామేశ్వరమ్మ)